అనుమతి లేని చూపు

మా పేట మస్జిదులో చెప్పులు పోతున్నాయన్న ఫిర్యాదు చాలాకాలంగా ఉండేది. జుమా నాడు కొత్త చెప్పులతో వచ్చి, ఉత్త కాళ్ళతో ఇంటిదారి పట్టినవారు మాలో చాలామందే ఉన్నారు. చివరకు కమిటీ వారు చందాలు పోగుచేసి చెప్పుల స్టాండు ఎదుట ఒక కెమెరా పెట్టించారు. ఎవరూ కాదనలేదు, కాదనవలసిన అవసరమూ కనిపించలేదు. మరుసటి రమజాన్ నాటికి ప్రధాన ద్వారం దగ్గర ఇంకొకటి వచ్చింది. తరువాత వుజూఖానాకు వెళ్ళే దారిలో ఒకటి, మెట్ల మీద ఒకటి, చివరకు నమాజు చేసే హాలులోనే రెండు. ఇప్పుడు ముతవల్లీ గారి గదిలో ఒక తెర, కమిటీ సభ్యుల ఫోన్లలోనూ అదే దృశ్యం. "మీ అబ్బాయి వారం రోజులుగా ఫజ్ర్‌కు రావటం లేదు సుమా" అని ఒక సభ్యుడు ఒక తండ్రితో అన్నప్పుడు ఆ తండ్రి సిగ్గుతో తలవంచుకున్నాడే గాని, ఆ సంగతి మీకెలా తెలిసిందని అడగలేదు. పక్కనే ఉన్న మేమూ అడగలేదు. చెప్పులు మాత్రం ఇప్పటికీ పోతూనే ఉన్నాయి.

నిఘా మన జీవితాల్లోకి ఇలాగే ప్రవేశించింది. ఫలానా రోజున మొదలైందని చెప్పటానికి వీలు లేకుండా, ప్రతిసారీ ఒక మంచి కారణం వెంటబెట్టుకుని వచ్చింది. దొంగతనాలు, ఆడపిల్లల భద్రత, ట్రాఫిక్, రేషన్, కరోనా – ఏ కారణమూ అబద్ధం కాదు. కాని కారణం తీరిపోయాక కెమెరా తిరిగి వెళ్ళిన సందర్భం మనలో ఎవరికైనా గుర్తుందా?

మన హైదరాబాదు నగరాన్నే తీసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజాభద్రత పేరిట ఒక చట్టం వచ్చింది. జనం పెద్దసంఖ్యలో వచ్చిపోయే సంస్థలు తమ ఖర్చుతోనే కెమెరాలు అమర్చాలి, దృశ్యాలను 30 రోజులపాటు భద్రపరచాలి, అడిగినప్పుడు పోలీసులకు అందజేయాలి. ఆ తరువాత పోలీసు శాఖ 'నేను సైతం' అనే పేరుతో కాలనీవాసులను, దుకాణదారులను కెమెరాలకు చందాలు ఇవ్వమని కోరింది. జనం ఇచ్చారు. మనల్ని మనమే చూపించుకునే యంత్రానికి మనమే డబ్బు చెల్లించటం, అదీ సంతోషంగా చెల్లించటం, మన కాలపు విచిత్రాల్లో ఒకటి. 2018లో తెలంగాణ పోలీసుల చేతి ఫోన్లలోకి ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికత వచ్చింది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ఆకాశాన్నంటే భవనాలతో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. ఈ రోజు ప్రపంచంలో అత్యధికంగా కెమెరాలున్న నగరాల జాబితా ఎవరు తయారుచేసినా అందులో మన నగరానికి చోటు దొరుకుతోంది.

ఈ కెమెరాల చూపు అందరి మీదా ఒకేలా పడుతుందా? ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021 నవంబరులో వెల్లడించిన పరిశీలనలో వాలంటీర్లు వీధి వీధి తిరిగి బయట కనిపించే కెమెరాలను లెక్కించారు. కాలాపత్థర్, కిషన్‌బాగ్ ప్రాంతాల విస్తీర్ణంలో వరుసగా 53.7 శాతం, 62.7 శాతం కెమెరాల పరిధిలో ఉన్నట్లు వారు అంచనా వేశారు. ఆ పేటల్లో ఉండేది ఎవరో మన పాఠకులకు చెప్పనవసరం లేదు. కార్డన్ సెర్చ్ పేరిట తెల్లవారుజామున తలుపులు తట్టించుకున్నవారు, రాత్రి చబూత్రా మీద కూర్చున్నందుకు పోలీసు వాహనమెక్కిన కుర్రవాళ్ళ తల్లులు ఆ పేటల్లోనే ఉన్నారు. 2021 అక్టోబరులో గంజాయి కోసమని వాహనదారులను ఆపి, వారి ఫోన్లలోని వాట్సప్ సంభాషణలను పోలీసులు వెతుకుతున్న వీడియోలు నగరమంతా చూసింది. జేబులో ఏముందో చూసే తనిఖీ, మనసులో ఏముందో చూసే తనిఖీగా మారటానికి ఎన్నో ఏళ్ళు పట్టలేదు.

ముఖ గుర్తింపు అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. యంత్రం మన ముఖాన్ని మన తల్లి గుర్తుపట్టినట్లు గుర్తుపట్టదు. కళ్ళ మధ్య దూరం, దవడ వంపు మొదలైనవాటిని అంకెలుగా మార్చి, తన దగ్గరున్న ఫొటోల అంకెలతో పోల్చి, ఇంత శాతం పోలిక ఉందని చెబుతుంది. ఢిల్లీ పోలీసులు 80 శాతం దాటితే దాన్ని సరైన పోలికగా పరిగణిస్తామని 2022లో సమాచార హక్కు చట్టం కింద ఇచ్చిన జవాబులో తెలిపారు. మిగిలిన 20 శాతంలో ఎవరి ముఖం, ఎవరి కొడుకు ఉన్నారన్నది యంత్రానికి పట్టని విషయం.

2021 మే నెలలో, లాక్‌డౌన్ అమలులో ఉండగా, పాతనగరంలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారిని పోలీసులు ఆపారు. ముఖానికున్న మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు. అయినా ఫొటో తీసుకున్నారు. మనలో ఎందరికో అలాంటి అనుభవం ఉంది. ఇంటికి వచ్చి భార్యాపిల్లలతో చెప్పి, నవ్వేసి మరచిపోయాం. ఆయన మరచిపోలేదు. నా ఫొటో ఎందుకు తీశారు, ఎక్కడ దాచారు, ఏ చట్టం ప్రకారం తీశారు అని నోటీసు పంపారు. తరువాత తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులు జారీచేసింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది కదా. దాన్ని హరించాలంటే ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించని చర్య కావాలి. ముఖ గుర్తింపునకు అలాంటి చట్టమే లేదన్నది ఆ వ్యాజ్యం సారాంశం.

ఇక్కడ మన పెద్దల్లో చాలామంది ఒక మాట అంటారు: "తప్పు చేయనివాడికి భయమెందుకు?" ఎంతో నిజాయితీగా అనే మాట ఇది. దీనికి ఇంకో రూపం కూడా ఉంది, దాన్ని మేము మస్జిదు మెట్ల మీదే విన్నాం: "అల్లాహ్ ఎల్లప్పుడూ చూస్తూనే ఉన్నాడు, ఆయన చూపునకు భయపడేవాడికి కెమెరా ఒక లెక్కా?" వినటానికి ఇది దైవభీతితో నిండిన మాటలా ఉంటుంది. అందుకే దీన్ని కాస్త నిలబడి పరిశీలించాలి.

అల్లాహ్ చూపు, మనిషి చూపు ఒక్కటి కావు. అల్లాహ్ సంకల్పాన్ని ఎరుగును. కెమెరాకు కదలిక మాత్రమే తెలుసు. అల్లాహ్ సత్తార్, దాసుని లోపాలను కప్పేవాడు. కెమెరా ఉన్నదే బయటపెట్టటానికి. పశ్చాత్తాపపడినవాడి పాపాన్ని అల్లాహ్ తుడిచివేస్తాడు; సర్వర్‌లోని దృశ్యానికి తౌబా తెలియదు. కిరామన్ కాతిబీన్ రాసే కర్మలపత్రం ప్రళయదినాన ఎవరిది వారి చేతికే ఇవ్వబడుతుందని, చదువుకోమని చెప్పబడుతుందని దివ్యఖుర్ఆన్ తెలియజేస్తోంది. మరి మన గురించి ఈ లోకంలో రాసుకుంటున్న పత్రాన్ని మనకు ఎవరైనా చూపిస్తున్నారా? మసూద్ గారు అడిగింది ఆ పత్రం గురించే కదా. మనిషి నిఘాను అల్లాహ్ చూపుతో పోల్చటమంటే తెలియకుండానే మనిషికి లేని అర్హతను అంటగట్టటం.

ఇక, తప్పు చేయనివాడికి భయమెందుకన్న ప్రశ్న. సూరా హుజురాత్ 12వ ఆయతులో విశ్వాసులను అల్లాహ్ వరుసగా మూడింటి నుంచి వారించాడు: అనుమానాల్లో మునగటం, కూపీలు లాగటం, పరోక్ష నింద. ఈ వరుసను ధర్మవేత్తలు ప్రత్యేకంగా గమనించారు. అనుమానం పుట్టినవాడు కూపీ లాగుతాడు, కూపీ లాగినవాడు నోరు మూసుకోలేడు. అక్కడ మంచివాని మీద కూపీ లాగవద్దు, చెడ్డవాని మీద లాగవచ్చు అన్న మినహాయింపు లేదు. ఈ విషయాన్ని సహాబీలు ఎలా అర్థం చేసుకున్నారో హదీసు గ్రంథాలు నమోదు చేశాయి. ఫలానా వాని గడ్డం నుంచి మద్యం కారుతోందని ఒక వ్యక్తిని గురించి హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) దగ్గర చెప్పినప్పుడు, కూపీలు లాగటం మాకు నిషేధించబడింది, ఏదైనా మా ఎదుట బయటపడితే అప్పుడు పట్టుకుంటాము అన్న భావంలో ఆయన జవాబిచ్చారని అబూదావూద్‌లో ఉంది. బయటపడిన నేరాన్ని పట్టుకోవటం వేరు, నేరం దొరుకుతుందేమోనని అందరి తలుపుల సందుల్లోంచి చూడటం వేరు. ఈ తేడా తెలిస్తే నిఘా గురించి సగం చర్చ తీరిపోతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక ఉదంతం ప్రసిద్ధం. ఖలీఫాగా రాత్రి గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లో పాట వినిపించి గోడ దూకి లోపలికి వెళ్ళారు. లోపల మద్యం ఉంది, పరస్త్రీ ఉంది. ఆ ఇంటివాడు కంగారుపడకుండా, నేను ఒక తప్పు చేస్తే మీరు మూడు చేశారన్నాడు: కూపీ లాగారు, గుమ్మం ఉండగా గోడ దూకారు, అనుమతి కోరకుండా సలాం చెప్పకుండా వచ్చారు, మూడూ ఖుర్ఆన్ వారించినవే. ఖలీఫా వాదించలేదు. అతడు ఇక మీదట ఆ పని చేయనని మాట ఇచ్చాక వెళ్ళిపోయారు. ఆ కాలానికి ఉమర్ (రజి) పాలన కంటే న్యాయమైన పాలన ఏది? ఆ మనిషి కంటే స్పష్టమైన దోషి ఎవరు? అయినా పాలకుని చూపునకు హద్దు ఉందని దోషి గుర్తుచేశాడు, పాలకుడు ఒప్పుకున్నాడు.

కెమెరాలన్నీ పీకివేయమని మేము అనటం లేదు. రాత్రిపూట డ్యూటీ ముగించుకుని వచ్చే నర్సమ్మకు బస్టాపు దగ్గరి కెమెరా ఎంత ధైర్యమో మాకు తెలుసు. తప్పిపోయిన పిల్లలు కెమెరాల వల్ల ఇల్లు చేరిన సంఘటనలూ మన మధ్యే ఉన్నాయి. అయితే ఫలానా చోట, ఫలానా అవసరానికి పెట్టిన కన్ను ఒకటి. ఏ అవసరమూ చెప్పకుండా ఒక సముదాయం మొత్తాన్ని కమ్ముకునే చూపు మరొకటి.

రెండవదాని ఫలితమేమిటో ఇతర దేశాల్లోని మన సోదరులు చవిచూశారు. న్యూయార్క్ పోలీసులు 2001 సెప్టెంబరు దాడుల తరువాత మస్జిదుల్లోకి, ముస్లిం విద్యార్థి సంఘాల్లోకి, టీ కొట్లలోకి వేగులను పంపి ఎవరెవరు ఏమి మాట్లాడుకుంటున్నారో రాసుకున్నారు. ఆ విభాగం సేకరించిన సమాచారం నుంచి గత ఆరేళ్ళలో ఒక్క ఉగ్రవాద దర్యాప్తు కూడా మొదలు కాలేదని పోలీసు ఉన్నతాధికారే 2012లో ప్రమాణం చేసి చెప్పారు. 2014లో విభాగాన్ని రద్దు చేశారు. నష్టం మాత్రం అప్పటికే జరిగిపోయింది: మస్జిదులో కొత్త ముఖం కనిపిస్తే సలాం చెప్పటానికి ముందు సందేహించే అలవాటు పుట్టింది. ప్రజల లోపాల వెంటపడితే వారిని చెడగొట్టినవారవుతారన్న భావంలో దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక అబూదావూద్‌లోనే ఉంది.

ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ కథ వేరు. 2010లో అక్కడ ముస్లింలు ఎక్కువగా ఉండే రెండు ప్రాంతాల చుట్టూ 200కు పైగా కెమెరాలు నిలిపారు. వాటిలో కొన్ని కంటికి కనిపించకుండా దాచినవి. స్థానికులకు చెప్పింది మామూలు నేరాల నివారణకని. డబ్బు వచ్చింది ఉగ్రవాద వ్యతిరేక నిధి నుంచి. ఈ సంగతి బయటపడగానే అక్కడి ముస్లింలు, వారితోపాటు ముస్లిమేతర ఇరుగుపొరుగువారు, న్యాయవాదులు ప్రశ్నించటం మొదలుపెట్టారు. ముందు కెమెరాలకు ప్లాస్టిక్ సంచులు తొడిగారు. స్వతంత్ర విచారణ పోలీసులను తప్పుపట్టింది. 2011లో వాటిని తొలగించారు. వారు రాళ్ళు వేయలేదు, కెమెరాలు పగలగొట్టలేదు. ఎవరి డబ్బు, ఎవరి అనుమతి అని అడిగారు, అంతే.

అన్నిసార్లూ చూసేది ప్రభుత్వమే కాదు. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపే 'ముస్లిం ప్రో' యాప్ మన ఇళ్ళలో ఎందరి ఫోన్లలో ఉందో! దాన్ని వాడేవారి స్థానవివరాలు ఎక్స్‌మోడ్ అనే కంపెనీకి చేరాయని, ఆ కంపెనీ అలాంటి వివరాలను అమ్మే ఖాతాదారుల ద్వారా అవి అమెరికా సైన్యం వరకూ వెళ్ళాయని 2020 నవంబరులో ఒక పత్రికా పరిశోధన బయటపెట్టింది. యాప్ యాజమాన్యం ఆ కంపెనీతో సంబంధం తెంచుకుంటామని ప్రకటించింది. 2024 జనవరిలో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ, ప్రార్థనాలయాల వంటి సున్నితమైన ప్రదేశాలకు సంబంధించిన వివరాలు అమ్మకుండా ఆ కంపెనీని కట్టడి చేసింది. ఖిబ్లా ఎటో తెలుసుకుందామని ఫోను తెరిచినవాడు, తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో ఎవరికో తెలియజేశాడు.

ఇంతవరకూ పోలీసులను, కంపెనీలను అన్నాం. ఇక మన ఇంటి గుమ్మంలోకి వద్దాం. నిజానికి ఈ వ్యాసం రాయటానికి మమ్మల్ని పురికొల్పింది ఇదే.

నిఘాకు మనం అలవాటు పడింది చూడబడటం వల్ల కాదు, చూడటం వల్ల. భార్య ఫోను ఆమె వుజూకు వెళ్ళినప్పుడు తెరిచి చూసే భర్త ఉన్నాడు; భర్త వాట్సప్‌లో ఆఖరుసారి ఎప్పుడు కనిపించాడో గంటగంటకూ చూసుకునే భార్య ఉంది. కాలేజీకి వెళ్ళే కూతురి ఫోనులో ఆమెకు తెలియకుండా లొకేషన్ పెట్టిన తండ్రి ఉన్నాడు. గల్ఫ్‌లో ఉంటూ, ఇక్కడి ఇంటి హాలులో కెమెరా పెట్టించి, అత్తా కోడలు ఏమి మాట్లాడుకుంటున్నారో అక్కడి నుంచి వింటున్న కుమారుడూ మాకు తెలుసు. "ప్రేమతోనే కదా" అంటారు. ప్రేమతోనే, కాదనము. ప్రయాణం నుంచి తిరిగివచ్చే మనిషి రాత్రివేళ హఠాత్తుగా ఇంట్లో ప్రవేశించి ఇంటివారి లోపాలు పట్టుకునే ప్రయత్నం చేయరాదని దైవప్రవక్త (స) వారించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. అక్కడ ఉన్నది అతని సొంత ఇల్లు, అతని సొంత భార్య! అయినా ముందుగా కబురు తెలియనివ్వమన్నది ఆ బోధ ఉద్దేశం. గల్ఫ్ సోదరుని కెమెరా ప్రతి నిమిషమూ ఆ రాత్రివేళ ప్రవేశమే కదా.

మరొక హదీసు బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) తమ గదిలో దువ్వెన వంటి ఇనుప సాధనంతో తల గోక్కుంటూ ఉండగా ఒకడు తలుపు సందులోంచి తొంగిచూశాడు. ఆయన (స) తీవ్రంగా స్పందించారు. ఇంట్లోకి వచ్చేముందు అనుమతి కోరాలన్న నియమం ఏర్పడిందే చూపు కారణంగా అన్న భావాన్ని తెలియజేశారు. ఆ క్షణంలో ఆ గదిలో దాచవలసిన తప్పేదైనా ఉందా? తల గోక్కోవటం తప్పా? తప్పు చేయనివాడికి భయమెందుకని అడిగేవారికి ఇంతకంటే స్పష్టమైన జవాబు మాకు కనిపించలేదు. ఏ తప్పూ చేయని మనిషికి, ఎవరూ చూడని నాలుగు గోడలు కూడా అతని హక్కే. ఇంటి లోపలి భాగానికి ఉన్న ఆ గౌరవం ఫోనుకు లేదనటానికి మాకు ఏ కారణమూ తోచటం లేదు. ఇవాళ మనిషి ఎక్కువ భాగం నివసిస్తున్నది అందులోనే.

చిన్నపిల్లల ఫోను విషయంలో తల్లిదండ్రులకు బాధ్యత ఉంది, దాన్ని తోసిపుచ్చలేము. తొమ్మిదేళ్ళ పిల్లవాడి చేతికి హద్దులేని ఇంటర్నెట్ ఇవ్వటం నిర్లక్ష్యమే. అయితే "నీ ఫోను నేను చూస్తాను" అని చెప్పి చూడటం తర్బియత్. చెప్పకుండా చూడటం కూపీ. పదహారేళ్ళ కూతురు, తండ్రి తనను గుట్టుగా గమనిస్తున్నాడని తెలుసుకున్న రోజున నేర్చుకునేది దైవభీతి కాదు, రెండవ ఫోను ఎలా దాచుకోవాలో.

అలాగే మస్జిదు. ఫజ్ర్‌కు రాని అబ్బాయి కెమెరా వల్ల దొరికిపోయాడు, మరునాటి నుంచి వచ్చాడు. కమిటీ వారు సంతోషించారు. వాడు ఎవరి కోసం వచ్చాడు? ప్రదర్శన కోసం చేసే ఆరాధనను రియా అని హెచ్చరించే ఖుత్బాలు అదే మస్జిదులో వింటున్నాం. రియాకు ఒక యంత్రాన్ని అమర్చి గోడకు తగిలించినట్లయింది.

మన చేతిలో ఉన్న చిన్న అధికారాన్ని మనం ఇలా వాడుతుంటే, పెద్ద అధికారం ఉన్నవారిని అడిగే గొంతు సన్నబడుతుంది. కాలాపత్థర్ కుర్రవాడి ఫోను నడివీధిలో తెరిపించినప్పుడు మనకు రావలసినంత కోపం రాకపోవటానికి ఇది ఒక కారణమని మా అనుమానం. ఇంట్లో రోజూ జరిగేదే కదా! అంతమాత్రాన రెండు తప్పులూ సమానమని కాదు. తండ్రి అనుమానిస్తే కూతురికి కన్నీళ్ళు. ప్రభుత్వం అనుమానిస్తే జైలు, పోగొట్టుకున్న ఉద్యోగం, ఆగిపోయిన రేషన్. తెలంగాణలో పథకాల అర్హులను జల్లెడపట్టే 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థ, రిక్షా తొక్కిన ఒక పేదవాణ్ణి కారు యజమానిగా పొరబడి ఆ కుటుంబానికి బియ్యం దక్కకుండా చేసిన వైనాన్ని 2024లో అల్‌జజీరా ప్రచురించింది. తనకు లేని కారు లేదని నిరూపించుకోవటానికి ఆ ఇల్లాలు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో ఊహించవచ్చు.

ఈ విషయాలన్నీ మనసులో పెట్టుకుని, గత నెల మస్జిదు కమిటీ సమావేశంలో మేము మూడు ప్రశ్నలు అడిగాం. నమాజు హాలులో కెమెరాలు ఏ అవసరానికి? దృశ్యాలు ఎన్ని రోజులు ఉంటాయి? ఎవరెవరు చూడగలరు? మొదట కాస్త అసహనం కనిపించింది. "మీకేం దాచవలసింది ఉంది?" అని నవ్వులాటగా ఒకరు అన్నారు కూడా. చెప్పుల స్టాండు, ప్రధాన ద్వారం కెమెరాలు ఉంచి, వుజూఖానా దారిలోది, హాలులోనివి తీసివేయాలన్న ప్రతిపాదన వచ్చింది. ఇమామ్ సాహెబ్ సమర్థించారు. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. మాట వచ్చే నెలకు వాయిదా పడింది.

రెండవ, మూడవ ప్రశ్నలకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. దృశ్యాలు ఎన్నాళ్ళు ఉంటాయో కార్యదర్శికి తెలియదు. ఎంతమంది ఫోన్లలో తెరుచుకుంటుందో తెలియాలంటే అసలు పాస్‌వర్డ్ కావాలట. అది కెమెరాలు బిగించిన కుర్రవాడి దగ్గర ఉంది. అతడు దుకాణం మూసి రెండేళ్ళ క్రితం షార్జా వెళ్ళిపోయాడు.